దేవసహాయం మామ లాగిన బ్రేకు

ఆరేడేళ్లుగా ఒక ఇనుప కడ్డీ నా వెంట వస్తోంది. మూర పొడవు, పైన అరిగిన నల్లటి పిడి. దాని అసలు బరువు నాకు బాగా తెలుసు. నా చేతులతోనే విప్పి, కిరసనాయిలుతో కడిగి, మళ్లీ బిగించాను. నేను మోస్తున్న బరువు మాత్రం ఆ ఇనుముది కాదు.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. అలాగైతేనే నోరు పెగులుతుంది. ఒక సంగతి ముందే చెప్పాలి. నేను దుఃఖంతో ఇది రాయడం లేదు. నా బతుకు బాగుంది. మదనపల్లెలో చిన్న షెడ్డు, చేతినిండా పని, పని మీద తగ్గని ఇష్టం. ఇంట్లో నవ్వే మనుషులున్నారు. పడుకుంటే నిద్ర పడుతుంది. కష్టాల్లో ఉన్నవాడైతే తన తప్పుకు శిక్ష పడిందిలే అని సరిపెట్టుకోవచ్చు. నాకు ఆ వీలు లేకపోయింది.

వరసలో చెబుతాను. వరస తప్పితే నాకు మాట సాగదు.

యుద్ధం రోజులు. పెట్రోలు కూపన్లకు కూడా సరిగా దొరికేది కాదు. కార్ల వెనక పొడుగాటి డబ్బాలో బొగ్గు మండించి, ఆ గ్యాసుతో ఇంజన్లు నడిపేవాళ్లం. పుంగనూరులో వేరుశనగ వ్యాపారి సిద్ధప్పగారికి పాత అమెరికా కారు ఒకటి ఉండేది. నాలుగు తలుపులు, గట్టి పైకప్పు, నాలుగు సిలిండర్లు. బొగ్గు గ్యాసు మీద నడిపితే ఏ ఇంజనుకైనా బలం తగ్గుతుంది. ముసలిదానికి మరీ తగ్గుతుంది. చదునులో ఫరవాలేదు. పెద్దపంజాణి వైపు ఎత్తు తగిలితే చాలు, సిద్ధప్పగారు దిగి పంచె ఎగ్గట్టి ముందు నడిచేవారు. కారు మెల్లగా ఆయన వెనక వచ్చేది. చేలల్లో వాళ్లు చూసి, "ఏమప్పా సిద్ధప్పా, కారును మేపను తోలుకపోతాండావా?" అని అరిచేవారు.

ఆ మాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. కొత్త కారు కొందామన్నా దొరికే కాలం కాదు. నేను అప్పుడే మద్రాసులో మెకానికల్ డిప్లొమా ముగించుకొని వచ్చాను. గంగవరం దగ్గర ఒక లారీ బోల్తా పడిందనీ, దాని ఒళ్లు నుజ్జయినా ఆరు సిలిండర్ల ఇంజను దెబ్బ తినలేదనీ విన్నాను. ఆ ఇంజను ఈ కారులో కూర్చోబెడతానన్నాను. సిద్ధప్పగారు రెండే షరతులు పెట్టారు. తక్కువలో అయిపోవాలి. కుప్పం స్టేషనుకు ఆయన వియ్యంకుడు వచ్చే నాటికి అయిపోవాలి.

ఆయన వేరుశనగ గోడౌనులోనే పని. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ నాకు సంతోషమే; అది దాచను. మూడు సరుగుడు కొయ్యలు ముక్కాలిలా నిలబెట్టి, కొసలు పైన కలిపి కట్టి, గొలుసు వేసి పాత ఇంజను దించాం. కొత్తది పొడవెక్కువ, అందుకని రేడియేటరును ముందుకు జరిపాను. బరువెక్కువ, అందుకని ముందు స్ప్రింగులకు ఒక్కొక్క పట్టీ చేర్చాను. పాత గేరుపెట్టె దీనికి అతకదు కాబట్టి లారీ గేరుపెట్టెనే తెచ్చి, వెనక చక్రాలకు పోయే షాఫ్టు కోసి, కురచ చేసి అతికించాను. నాకు చెయ్యందించింది సిద్ధప్పగారి డ్రైవరు దేవసహాయం. మదనపల్లెలో మా క్రైస్తవుల వీధి మనిషే, వరసకు మామ. రోజూ పొద్దున బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి కానీ బండి తీసేవాడు కాదు. చక్రాల కింద పెట్టే నిమ్మకాయలు సిద్ధప్పగారివి, ప్రార్థన మామది. ఏది పని చేసిందో ఎవరూ వాదులాడుకోలేదు.

ఇక పొరపాటు. పాత కారులో చేతిబ్రేకు చక్రాలను పట్టేది కాదు. గేరుపెట్టె తోక మీద ఉన్న ఒక డ్రమ్మును పట్టేది. పాత గేరుపెట్టెతో పాటు ఆ డ్రమ్మూ పోయింది. లారీ గేరుపెట్టెకు అలాంటిది లేదు. అంటే, చేతిబ్రేకు కడ్డీ మిగిలింది, అది పట్టుకోవడానికి ఏమీ మిగలలేదు. చేయవలసిందేమిటో నాకు తెలుసు. అడ్డంగా ఒక ఇరుసు వేసి, రెండు కడ్డీలతో వెనక చక్రాల బ్రేకులకు కలపాలి. దానికి ఇంకొన్నాళ్లు పడుతుంది. వియ్యంకుడి రైలు ఆగదు.

కాలిబ్రేకు బాగుంది కదా, కుప్పం నుంచి తిరిగి వచ్చిన వెంటనే ఇది చేసేద్దాం అనుకున్నాను. అంతవరకు కడ్డీ వదులుగా వేలాడుతుంటే సిద్ధప్పగారు ఊరుకోరు. ఆయన దేన్నయినా లాగి చూసే మనిషి. అందుకని కడ్డీ అడుగున ఒక గట్టి స్ప్రింగు తగిలించాను. లాగితే బిగువుగా వస్తుంది, కడ్డీని పట్టి ఆపే ఇనుప పండ్ల పట్టీ టకటకమని పడుతుంది, పిడి నొక్కితే దిగుతుంది. అసలు బ్రేకు కంటే బాగా ఉండేది. ఆయన లాగి చూసి తల ఊపారు.

మామకు చెప్పాలనుకున్నాను. బయలుదేరే ముందు చెబుదామనుకున్నాను. ఆ పొద్దున గోడౌను ముందు జనం మూగారు. ఇంజను అందుకోగానే మామ నా భుజం మీద చెయ్యి వేసి, "సూడండప్పా మా పిల్లోడు! దొరలు సేసిన కారుకు మనోడు గుండికాయ మార్చినాడు," అన్నాడు. అప్పుడు చెప్పలేకపోయాను. దారిలో చెప్పవచ్చు కదా? దారిలో ఇంజను పాడుతోంది. పెద్దపంజాణి ఎత్తును మూడో గేరులో ఎక్కింది. సిద్ధప్పగారు చేలల్లోకి చూస్తూ, తెలిసినవాళ్లు ఎవరైనా కనిపిస్తారేమోనని కిటికీలోంచి నడుము దాకా బయటికి వాలి కూర్చున్నారు. ఆ సంతోషాన్ని చెడగొట్టబుద్ధి కాలేదు. ఆ సంతోషం ఆయనదా, నాదా?

కుప్పంలో స్టేషను దారి కొంచెం వాలు. సంత రోజు. రైలు ఇంకా రాలేదు. సిద్ధప్పగారు ప్లాట్‌ఫారం మీదికి వెళ్లారు. నేను వాలు కింద సోడా తాగుతున్నాను. బొగ్గు కారును కొంచెంసేపు ఆపినప్పుడు ఇంజను ఆపరు. ఆపితే మళ్లీ అందుకోవడానికి ప్రాణం తీస్తుంది. గేరు తీసేసి, చేతిబ్రేకు లాగి, దిగి వెనక డబ్బాలో బొగ్గు కదిలిస్తారు. బొగ్గు కారు తోలేవాళ్లందరి అలవాటది. మామ కూడా అదే చేశాడు. చక్రాలు నిలిచినచోటు కాస్త చదునేమో, దిగేటప్పుడు కదలని కారు వెనకనుంచి బొగ్గు పొడిచే తోపుకు కదిలి ఉంటుంది. ఆయన అలవాటు నాకు తెలుసు. రోజూ చూసినవాణ్ణి. అయినా నా బుర్రకు అది తట్టలేదు. తరగతిలో బ్రేకుల గురించి నాకు మంచి మార్కులే వచ్చాయి.

అరుపు విని తలెత్తాను. కారు దానంతటదే దిగి వస్తోంది. మామ వెనక డబ్బాను రెండు చేతులా పట్టుకొని, కాళ్లు ఈడ్చుకుంటూ వస్తున్నాడు. వాలు కింద ఒక ఎద్దులబండి, దాని చక్రానికి కట్టిన పొట్టి పుంగనూరు ఆవు. కారు దాన్ని బండికి అదిమి ఆగింది.

అందరికంటే ముందు చేరింది నేను. తలుపు తీసి లోపలికి దూకి ఇంజను ఆపాను. కడ్డీ పైకి ఉంది. చివరి పన్ను దాకా లాగి ఉంది.

ఇంతవరకు చెప్పింది పొరపాటు. ఇక తప్పు. నేను పిడి నొక్కి కడ్డీని కిందికి దించాను.

సిద్ధప్పగారు పరుగెత్తుకొచ్చి తలుపులోంచి తొంగి చూశారు.

"బ్రేకు ఎయ్యకుండానే దిగితివా దేవసాయం?"

"ఏసినానప్పా. గట్టిగా లాగినాను. పండ్లు పడిన సద్దు గూడా ఇన్నాను."

"మరి ఇది కింద ఉండాదే? దయ్యమొచ్చి దించిందా?"

మామ చూశాడు. ఆ చూపు నేను మరచిపోలేదు. తన జేబులో చెయ్యి పెడితే వేరేవాడి చెయ్యి తగిలినట్టు చూశాడు. "దేవుని తోడప్పా, లాగినాను," అని నా వైపు తిరిగాడు. "నువ్వు సెప్పు అప్పా. ఆ బ్రేకు పనిసేస్తాదా, లేదా?"

"పనిసేస్తాది మామా," అన్నాను. "నేనే గదా బిగించింది."

ఆవు యజమాని, ఒక ముసలాయన, కింద కూర్చొని దాని వెనక కాలు పట్టుకొని ఉన్నాడు. "మీ బ్రేకు పంచాయితీ మళ్లా పెట్టుకోండప్పా. ముందు ఈ కారు దీని మింద నించి తీయండి," అన్నాడు.

ఎందుకు దించాను? చాలాకాలం నాకు నేను ఒక జవాబు చెప్పుకున్నాను. ఆవు మీదినుంచి కారు వెనక్కి తీయాలంటే బ్రేకు దించాలి కదా, చేతికి అలవాటైన పని, ఆలోచించకుండా చేశాను అని. జవాబు బాగానే ఉంది. ఒక్కటే లోపం. ఆ కడ్డీ దేన్నీ పట్టుకోలేదని లోకంలో తెలిసినవాడిని నేనొక్కడినే. దాన్ని దించవలసిన అవసరం లేనివాడిని కూడా నేనొక్కడినే.

సిద్ధప్పగారు ఆవుకు పరిహారం ఇచ్చారు, మామను పనిలోంచి తీసేశారు. ఆ వారంలోనే నేను ఇరుసు వేసి, కడ్డీలు కలిపి, బ్రేకును పూర్తి చేశాను. ఆ కారు ఇప్పటికీ తిరుగుతోంది. కొండవాలులో ఆపినా అంగుళం కదలదు. ఆ స్ప్రింగును ఏం చేశానో గుర్తు లేదు. నిజంగానే గుర్తు లేదు.

సంగతి మా గుడిదాకా వచ్చింది. బ్రేకు వేయడం మరచిపోవడం పాపం కాదు. కానీ నడివీధిలో, పదిమంది ముందు, దేవుని తోడని అబద్ధం ఆడాడన్నారు. ఒప్పుకొనేదాకా ప్రభు బల్ల దగ్గర పంచే రొట్టె, ద్రాక్షరసాల్లో పాలు లేదని సంఘ పెద్దలు తీర్మానించారు. అందరూ లేచి బల్ల దగ్గరికి వెళ్లే వేళ మామ వెనక బెంచీలో ఒక్కడే కూర్చొనేవాడు. నేను ఆయన పక్కనుంచే వెళ్లి, రొట్టె తీసుకొని, ఆయన పక్కనుంచే తిరిగి వచ్చేవాణ్ణి. ఆయన మోకాళ్లు జరిపి నాకు దారి ఇచ్చేవాడు.

కోతపండుగ ఆదివారం నాడు ఆయన లేచి నిలబడ్డాడు. గుమ్మడికాయలూ, రాగి కంకులూ పేర్చిన బల్ల ముందుకు వచ్చి చేతులు కట్టుకొని, తాను బ్రేకు లాగలేదనీ, గర్వంతో బొంకాననీ చెప్పాడు. పాదిరి అయ్యగారు ఆయన తల మీద చెయ్యి పెట్టారు. అందరూ ఆమెన్ అన్నారు. నా నోటినుంచి కూడా ఆ మాట వచ్చింది.

బల్ల కోసం అబద్ధపు ఒప్పుకోలు చేశాడనుకున్నాను. అలా అయినా కొంత బాగుండేది. ఆయనకు నిజం మిగిలేది. గుడి మెట్ల మీద నన్ను పట్టుకొని, "ఆలోసించి ఆలోసించి నాకే గెవనానికి వచ్చిందప్పా. నేను లాగలా. డబ్బా సూడాలని అట్లే దిగేసినాను. ఇప్పుడు కండ్లకు కట్టినట్ల అగుపిస్తాండాది," అన్నాడు. ముఖం తేటగా ఉంది. నేను ఆయన పని తీసుకున్నాను, పేరు తీసుకున్నాను అని లెక్క వేసుకుంటూ ఉండేవాణ్ణి. ఆయన జ్ఞాపకాన్ని కూడా తీసుకున్నానని ఆ మెట్ల మీదనే తెలిసింది.

తరువాత జరిగిందంతా మంచే. మామ మళ్లీ స్టీరింగు పట్టలేదు. కుప్పం వెళ్లి, ముసలాయన్ని బతిమాలి, ఆ కుంటి ఆవునే కొని తెచ్చుకున్నాడు. తన వల్ల కుంటిదైంది కాబట్టి తానే సాకాలన్నాడు. నిమ్మనపల్లెలో ఆయనకు కొంచెం బీడు భూమి ఉంది. ఆ కుంటిదాని దూడలు, వాటి దూడలు ఇప్పుడు ఒక కొట్టంనిండా ఉన్నాయి. పొట్టి ఆవులు, చిక్కటి పాలు. బొగ్గు మసి పోయి ఆయన చేతులు తెల్లబడ్డాయి. "ఆ పొద్దు నేను బ్రేకు మర్సిపోయింది మంచికే అప్పా," అంటాడు, నవ్వుతాడు. అది ఓదార్పు మాట కాదు, నిజంగానే అంటాడు.

ఆయన సుఖంగా ఉన్నాడు, నేనూ సుఖంగా ఉన్నాను, ఆవు కూడా సుఖంగానే ఉంది. మరి ఎవరికి జరిగింది అన్యాయం?

మొన్న నిమ్మనపల్లె వెళ్లాను. చీకటి పడకముందే ఆవులను కొట్టంలోకి తోలి, తలుపు మూసి, గడియ వేసి వచ్చాడు. రాగిసంగటి ముందర కూర్చున్నాం. రెండు ముద్దలు తిని లేచాడు. వెళ్లి గడియ చూసి వచ్చాడు. మళ్లీ రెండు ముద్దలు తిని లేవబోయాడు. మోకాలు పట్టేసినట్టుంది, నా వైపు చూశాడు.

"నువ్వు సూసి రాప్పా. గడియ ఏసినానో లేదో. నా సెయ్యి మింద నాకు నమ్మకం లేదు. ఆ కుప్పం కాడి నించి ఇంతే."

నవ్వుతూనే అన్నాడు. నేను లేచి వెళ్లాను. గడియ పడి ఉంది. చివరిదాకా తోసి, పైన మేకు కూడా దూర్చి ఉంది. ఆ కుంటిది అడ్డుకర్రల మధ్యనుంచి నన్ను చూసింది. తిరిగి వచ్చి, "ఏసుండావు మామా," అన్నాను. "ఏసినానా? అయితే సరే," అని ముద్ద తీసుకున్నాడు. దాని తరువాత ఇంకొక మాట ఉంది. అది నా గొంతుదాకా వచ్చింది. మామ ఊరుబిండి పచ్చడి గిన్నె నా వైపు జరిపాడు. నేను తిన్నాను.

ఆ మాట ఆయనతో అంటానో లేదో తెలియదు. అంటే ఆయన సంతోషిస్తాడో, ఇన్నేళ్ల సంతోషం కూలిపోతుందో నాకు తెలియదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలోది కాదు. ఒక్కచోటైనా ఆ మాట ఉండాలని రాస్తున్నాను. రాస్తుంటే వేళ్లు తేలికపడుతున్నాయి.

దేవసహాయం మామ బ్రేకు లాగాడు. నేను చూశాను. కడ్డీ పైకి ఉంది.