పక్క వరసను చూసుకునే మనిషి వెళ్ళిపోయాడు

నిన్న పొద్దున టీ పొయ్యి మీద పెట్టి ఫోన్ తీస్తే, మా ఊరి గ్రూపులో చిన్నప్ప అన్నయ్య ఫోటో. కింద ఎవరో చేతులు జోడించిన బొమ్మ పెట్టారు.

పుట్టినరోజేమో అనుకున్నాను. మనవాళ్ళు పుట్టినరోజుకీ అదే బొమ్మ పెడతారు కదా.

కిందికి జరిపి చదివితే తెలిసింది. రాత్రి నిద్రలోనే పోయాడట.

టీ పొంగి పొయ్యి ఆరిపోయింది. నేను అలాగే నిలబడి ఉన్నాను.

చిన్నప్ప అన్నయ్య నాకు తోడబుట్టినవాడు కాదు. ముప్పాళ్ళలో మా పక్కింటివాడు, మా పక్క చేనువాడు. కంప్యూటర్ అనే మాట మేం మొదట విన్నది ఆయన నోటే.

ఉద్యోగమంతా కంప్యూటర్ మెమరీ మీదే, ఎక్కువ కాలం మెమరీ చిప్స్ మీద చేశాడు. "అంటే ఏం చేస్తావు అన్నయ్యా?" అని ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా చెప్పేవాడు. చిప్‌లో సమాచారం వరసలు వరసలుగా ఉంటుంది. ఒకే వరసను అదే పనిగా తెరుస్తూ పోతే ఆ వరసకేమీ కాదు. దాని పక్క వరసలో దాచిన కరెంటు చార్జి కొంచెం కొంచెంగా కారిపోయి, ఒకటి ఉన్నచోట సున్నా అవుతుంది. దాన్నే రో డిస్టర్బ్ ఎర్రర్, అంటే వరస చెదిరిన తప్పు, అంటారట.

"ఎవరూ ముట్టుకోని వరసే చెడిపోద్ది. దానికి కాపలా కాయటమే నా ఉద్యోగం" అనేవాడు.

ఆ కాపలా బుద్ధి ఆయనకి చిప్స్ రాకముందు నుంచీ ఉంది. మేం కళ్ళారా చూశాం.

అరవైల చివర. సాగర్ కాలువ నీళ్ళు మా చేలకి కొత్తగా వచ్చిన ఏడు.

అప్పటిదాకా మావి వాన చేలు. మబ్బు చూసి విత్తినవాళ్ళమే గాని, కాలువ నీళ్ళు ఎలా పెట్టాలో, ఎప్పుడు ఆపాలో మాలో ఎవరికీ తెలియదు. వచ్చిన నీళ్ళు మళ్ళీ వస్తాయో రావో అని ఒకటే బెంగ.

ఆ బెంగతో అన్నయ్య వాళ్ళ నాన్న, ఇన్నయ్య పెదనాన్న, మా గట్టు పక్కనున్న సాలుకి పెట్టిన నీళ్ళు పెట్టినట్టే ఉన్నాడు. ఆయనది మెరక, ఇసక పాలు ఎక్కువున్న గరప నేల. మాది పల్లం, నల్లరేగడి.

ఆయన మిరప నవనవలాడుతోంది. గట్టుకి ఇవతల మా మిరప తలలు వాల్చేసింది.

మా నాన్న ఆ ఏడు ఉన్న చేనంతా మిరపే వేశాడు. అది పోతే నేను బడి మానేసి కూలికి వెళ్ళాల్సిందే. అమ్మ ఆ మాట నాకు చెప్పేసింది కూడా.

నీళ్ళు వదిలి మా పంట పాడుచేశావంటూ నాన్న కర్ర తీసుకుని గట్టెక్కాడు. పల్నాటి కోపం మీకు తెలియనిది కాదు.

"మీ చేలోకి ఒక్క చుక్క వదిలానా? గట్టుకి మడవ తీశానా? ఏందిరా నీ దబాయింపు!" అని పెదనాన్న లేచాడు. ఆయన అన్నదాంట్లో అబద్ధం కూడా లేదు.

అన్నయ్య అప్పుడు బొంబాయిలో ఒక ల్యాబ్‌లో పనిచేస్తూ సెలవుకి వచ్చి ఉన్నాడు. ఆ రోజుల్లో మెమరీ అంటే చిప్స్ కాదు, తీగలకు గుచ్చిన చిన్న చిన్న అయస్కాంతపు ఉంగరాలు. ఒక ఉంగరాన్ని పదే పదే చదువుతుంటే, అదే తీగ మీదున్న మిగతా ఉంగరాలకీ సగం కరెంటు తగిలి వాటిలో ఉన్నది చెదిరిపోతోందని, నెలల తరబడి తల బద్దలు కొట్టుకుని అప్పుడే కనిపెట్టి వచ్చాడు.

ప్యాంటు మడిచి మా చేలోకి దిగాడు. ఒక మొక్క పీకి చూశాడు. వేరు కుళ్ళింది. గట్టు మొదట్లో చేత్తో మట్టి తవ్వాడు. నీళ్ళు ఊరాయి.

"నాన్నా, ఇవి మన నీళ్ళే. గట్టు కింద ఊట దిగింది. నువ్వు వదల్లేదు, నిజమే. చెడింది మాత్రం మన వల్లే."

కన్నకొడుకు పదిమందిలో అలా అనేసరికి పెదనాన్న మొహం మాడిపోయింది. "ఒరేయ్, నిన్ను చదివించింది నా మీద సాక్ష్యం చెప్పటానికా?" అన్నాడు. చాలా రోజులు కొడుకుతో మాట్లాడలేదు.

అన్నయ్య గట్టు వెంట తమ చేలో ఒక సాలు మిరప పీకేసి, ఆ జాగా ఖాళీగా వదిలి, ఊట నీళ్ళు పోయేలా లోతుగా కాలువ తీశాడు. తమ మడిలో మిగిలిన నారు తెచ్చి మా చేలో నాటించాడు.

మా చేను బతికింది. నేను బడి మానలేదు. పంతులమ్మనై రిటైరయ్యాను.

తర్వాత చిప్స్‌లోనూ ఆయన చేసింది దాదాపు అదేనట. ముఖ్యమైన సమాచారం పక్కన ఒక వరస ఖాళీగా వదిలేయడం. ఏదైనా వరసను మరీ ఎక్కువగా తెరుస్తుంటే, దాని పక్కవాటికి ముందుగానే చార్జి మళ్ళీ నింపడం.

"చేలో నేర్చుకుని బొంబాయిలో పేరు కొట్టేశావు" అని ఏడిపించేదాన్ని.

"కాదే పిచ్చిదానా, బొంబాయిలో నేర్చుకుని చేలో తిట్లు తిన్నా" అనేవాడు.

మనుషుల దగ్గరా అంతే. మా ఆయన నరసరావుపేటలో ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఫోన్ చేసినవాళ్ళంతా "ఆయనకి ఎట్లా ఉంది?" అన్నారు. అన్నయ్య మాత్రం "ఏమే ఫిలోమినా, నువ్వు తిన్నావా?" అన్నాడు. నిజం చెప్తున్నాను, ఆ వరండాలోనే భోరుమన్నాను.

నిన్న సాయంత్రం సమాధుల దొడ్డి నుంచి అన్నయ్య వాళ్ళ ఇంటికి వచ్చాం. అందరూ వదిన చుట్టూ చేరి ఓదారుస్తున్నారు. అది న్యాయమే.

అన్నయ్య చెల్లెలు రోజమ్మ వంటింటి గుమ్మంలో ఒక్కతే కూర్చుని ఉంది. పెళ్ళి చేసుకోలేదు. అన్నయ్య రిటైరై ఊరికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో వండి పెట్టింది ఆమే. ఆమె వైపు ఎవరూ చూడలేదు.

పక్కన కూలబడి, "ఏమన్నా తిన్నావా రోజమ్మా?" అన్నాను.

పొద్దుటి నుంచీ కంట తడి పెట్టని మనిషి, నా భుజం మీద పడి ఏడ్చింది.

"ఆ మాట అడిగేది మా అన్నయ్యొక్కడే అక్కా" అంది.

చిన్నప్ప అన్నయ్యా, చాలా కాపలా కాశావు. ఇక పడుకో.

ప్రభువు నీకు చల్లని చోటిచ్చి, నీ ఆత్మను నెమ్మదిగా ఉంచాలి.