గడ్డం మీది పచ్చబొట్టు

తిరువళ్ళూరు స్టూడియోలో ఫోటోల్లోని ముఖాలు సరిచేయడం నా పని. ఒక అక్క, చనిపోయిన తల్లి ఫోటోను తన ఫోన్ నుంచి మా కంప్యూటర్లోకి పంపి, ఫ్రేము కట్టించమంది. మచ్చలు తీశాను, ముడతలు తగ్గించాను, రంగు సమం చేశాను, అసలుది విడిగా ఉంచకుండా అదే ఫైలు మీద సేవ్ చేశాను.

మరునాడు ఆమె వచ్చి తెర వైపు చూసింది. "మాయమ్మ గడ్డం మింద పచ్చబొట్టు యాడ తంబీ?"

ఆ చుక్కలను మచ్చలనుకుని చెరిపేశాను.

"మీ ఫోన్లో అసలు ఫోటో ఉందా అక్కా?"

"చోటు లేదని నీకు పంపినాక తీసేస్తిని. ఇంకొకటి లేదు."

"నేను గీసిస్తానక్కా. ఎన్ని చుక్కలు?"

"మూడు," అంది. తన గడ్డం తడుముకుంది. "నాలుగేమో."

ఊత్తుకోటలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసింది. అతను అయిదన్నాడు.

"నువ్వు యాపొద్దు చూసినావురా అమ్మ మొగం?" అని అరిచి, ఏడ్చింది.

ఆ నున్నటి గడ్డం మీద కర్సరు నిలిపి, ఆమె చెప్పేదాకా కూర్చున్నాను.