నేను పీకిన పన్ను

మొన్న సూరత్‌లో మేముండే నవాగామ్ పేటలో మందుల దుకాణం ముందు నిలబడితే లవంగ నూనె వాసన గుప్పుమంది. నా వేళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి. లింగయ్య మామ గుర్తొచ్చాడు.

ఇక్కడ నాకు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేయడం నేర్పింది ఆయనే. తెగిన పోగును హడావుడిగా ముడేస్తే చేతి మీద ఒక్కటి వేసేవాడు. "యాడ తెగిందో చూడకుండ ముడేస్తవేందిరా? ముందుగాల చూడు, అటెన్క చెయ్యి పెట్టు" అనేవాడు. గుట్కా విషయంలో మాత్రం ఎవరి మాటా వినలేదు. నోట్లో క్యాన్సర్ వచ్చింది. దవడకు కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. నయమై మళ్లీ పనిలోకి వచ్చాడు.

లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగిపోయి అందరం గదిలో పడి ఉన్నప్పుడు ఆయన కింది పన్ను ఒకటి కదిలింది. నొప్పితో రెండు రోజులు గంజి కూడా మింగలేదు. ఆసుపత్రికి పోదామంటే దారులన్నీ బంద్. పన్ను పీకడంలో సాంచాలవాళ్లను మించిన మొనగాళ్లు లేరని మాకో గర్వం. "జర గుంజెయ్ రా" అని మామే అడిగాడు. దారం నాలుగు పేటలు పేని పన్నుకు ముడేసి, చిగురుకు లవంగ నూనె రాసి, ఒక్క గుంజు గుంజాను. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ పుండు నెలలు గడిచినా మానలేదు. ఒకరోజు లోపల తెల్లగా కనిపిస్తే మెతుకు అనుకుని తీయబోయాను. అది ఎముక.

"కరెంటు పెట్టిన దవడకు రక్తం సరిగా అందదు. పన్ను పీకితే గాయం మానక ఎముక చచ్చిపోవచ్చు. మమ్మల్ని అడగకుండా పీకించొద్దని ఫైల్లో రాశాం కదా! ఎవరు పీకారు?" అంది ఆసుపత్రిలో తెలుగు డాక్టరమ్మ.

"నేనే గుంజుకున్న తల్లీ" అన్నాడు మామ.

బయటికొచ్చి ఏడ్చాను. "ఊకో. పీకొద్దని నాకు ముందే చెప్పిన్రు. చెప్తే నువ్వు గుంజవని చెప్పలే" అన్నాడు. ఆయనకు చదువు రాదు. ఫైల్లో రాసింది ఎవరైనా చదివి చెప్పారో లేదో. ఆ మాట నిజమో, నా కోసం చెప్పాడో ఈనాటికీ తెలియదు. దవడ సగం తీసేశారు. రెండో విడత కరోనాలో మామ పోయాడు.

ఇప్పుడు మావాళ్లలో ఎవరికి కరెంటు పెట్టినా వెంట వెళ్లి, ఫైలు చివరి అక్షరం దాకా చదివించుకుంటాను. పుణ్యాత్ముడివి అంటారు. ఆసుపత్రి కాగితాల్లో మాత్రం పన్ను ఆయనే పీక్కున్నట్టు ఉంది. అది అబద్ధమని చెప్పడం నాకు ఇదే మొదటిసారి.