కూత పడిన ఫొటోలు

మొన్న విశాఖలో కబడ్డీ లీగ్ మ్యాచ్ చూస్తూ నేను తీసిన ఫొటోలు చూసి, పక్కనున్న స్నేహితురాలు "అన్నీ నోళ్లేనేంటే!" అని నవ్వింది.

అది తాతయ్య చలవ. వయసులో ఉన్నప్పుడు ఆయన కబడ్డీ కూతకు వెళ్తే ఊపిరి తెగేది కాదట. మిర్చి కళ్లాల్లో ఘాటు పీల్చి పీల్చి ఆయాసం పట్టుకుంది. నా చిన్నప్పుడు ఒంగోలుకు పేరున్న ఆటగాళ్లు వచ్చారు. నాన్న నా చేతికి కెమెరా ఇచ్చి ఆటకు తీసుకెళ్తుంటే, తాతయ్య అరుగు మీంచే "అమ్మాయ్, ఫొటోలో కూత బాగా పడాలే!" అన్నాడు.

కెమెరాలో కూత పడదని నాకెవరూ చెప్పలేదు.

నాన్న భుజాలెక్కి, ఆటగాడు గీత దాటగానే నోటికే గురిపెట్టాను. "మనిషిని తియ్యవే, ఎవరో తెలియొద్దా!" అని నాన్న కసిరాడు. నేను వినలేదు. చేతులు పీకుతున్నా కెమెరా దించలేదు.

ఇంటికి రాగానే కెమెరా తాతయ్యకిచ్చాను. తెరనిండా నోళ్లు. ఆయన ఒక్కొక్కటీ చూశాడు. నవ్వలేదు. కెమెరాను నా చెవికి ఆనించాడు. నేను కళ్లు మూసుకున్నాను.

"కబడ్డీ కబడ్డీ కబడ్డీ..."

సన్నగా, తెగకుండా వినిపించింది. పడింది! కూత పడింది!

వంటింట్లోంచి నాన్నమ్మ అరిచింది. "మళ్లీ కూత పెడుతున్నావా? ఆయాసం వచ్చుద్దయ్యా!"

"నేను కాదే, కెమెరా," అన్నాడు తాతయ్య రొప్పుతూ.

అన్ని నోళ్లు తీసినదాన్ని, తాతయ్య నోరొక్కటే తీయలేదు.