ఇటుక ఎలా పెట్టాలంటే

మా పెదనాన్న ఏ సంగతీ సగం చెప్పి వదలరు. అవతలివాళ్ళకు ఏమీ తెలియదనుకుని మొదలుపెట్టి, అంతా తెలిసిపోయిందని నమ్మకం కుదిరాకే ఆపుతారు. ఆ నమ్మకం ఆయనకు ఓ పట్టాన కుదరదు.

మంచినీళ్ళు కావాలన్నా అందరిలా అడగరు. వంటింట్లో కుడిపక్క అలమర, రెండో అర, స్టీలు గ్లాసు, ముప్పావు వంతు నీళ్ళు. గ్లాసు కనిపించకపోతే వెతుక్కుంటూ అక్కడే ఉండిపోకుండా వచ్చి చెప్పాలి. నేను లేవబోతే పెద్దమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెడుతుంది. "ఉండవే, చెప్పడం అయ్యేసరికి ఆయన దాహం ఆయనకే తీరిపోతుంది" అంటుంది.

కూరగాయల చీటీ రాస్తే కాగితానికి అటూ ఇటూ నిండిపోతుంది. టమాటాలు ఎర్రగా ఉండాలి, నొక్కితే సొట్ట పడకూడదు, అలాగని గట్టిగా నొక్కి చూడకూడదు, కొట్టాయనకి కోపం వస్తుంది. ఆ చీటీలన్నీ కొట్టాయన దాచుకుని, బేరం లేనప్పుడు తీసి చదువుకుంటాడు.

ముప్పై ఏళ్ళపాటు ఆయన ఒక మిక్సీల కంపెనీలో, మిక్సీ ఎలా వాడాలో చెబుతూ పెట్టె అడుగున పెట్టే కాగితం రాశారు. కొన్నవాళ్ళు ముందుగా పారేసేది ఆ కాగితమే. రిటైరయ్యాక మా బొమ్మల కంపెనీలో చేరి, ఆట ఇటుకల పెట్టెలకు కాగితాలు రాస్తున్నారు. అక్కడే నేను ప్రోగ్రామర్ని. ఆఫీసులో అద్దాల గోడ మీద "ఇది గోడ. తలుపు పక్కన ఉంది" అని ఆయన చీటీ అంటిస్తే అందరం పడీపడీ నవ్వాం. అంతకుముందు నెలకి ఇద్దరికైనా అక్కడ నుదురు బొప్పి కట్టేది.

అప్పట్లో మేము కొత్త ఆట ఒకటి తయారుచేస్తున్నాం. పిల్లలు "ఇల్లు కట్టు" అంటే చాలు, ఒక ఏఐ ఏజెంట్ యంత్రపు చెయ్యిని నడిపించి ఇటుకలతో ఇల్లు కట్టేస్తుంది. దానికి తియ్యడానికొకటి, తిప్పడానికొకటి, పెట్టడానికొకటి పనిముట్లు ఇచ్చాం. ఏది ఏం చేస్తుందో మనం రాసిపెడితే ఏజెంట్ చదువుకుని వాడుకుంటుంది. రాసే పని నాది. "పెట్టు: ఇటుకను చెప్పిన చోట పెడుతుంది" అని ఒక్క ముక్కలో రాసి చేతులు దులుపుకున్నాను.

దుకాణాలవాళ్ళను పిలిచి చూపించిన రోజున ఏజెంట్ ముందు పైకప్పు పెట్టింది. కింద గోడల్లేవు కాబట్టి అది దభీమని బల్ల మీద పడింది. తర్వాత గోడలు మొదలుపెట్టింది. ఏ ఇటుకా కింది ఇటుక మీద కుదరలేదు. కిటికీ దగ్గరికి వచ్చేసరికి ఇల్లు మొత్తం ఒక పెద్దమనిషి ఒళ్ళో పడింది. సోమవారానికి ఇల్లు నిలబడాలనీ, తప్పు ఎవరిదో తేల్చి వాళ్ళను ఉద్యోగంలోంచి తీసేస్తాననీ డైరెక్టర్ గారు ప్రకటించారు. నేను చేరి నాలుగు నెలలే అయింది.

ఏజెంట్ ఒట్టి మొద్దు అని పెదనాన్న దగ్గర గోల పెట్టాను. ఆయన నేను రాసింది చదివి కళ్ళజోడు తీశారు.

"చోటంటే ఇటుక మూల ఉండాల్సిన చోటా, మధ్యభాగం ఉండాల్సిన చోటా?"

"మూల. అది అందరికీ తెలిసిందే కదా పెదనాన్నా."

"నాకు తెలీదే. ఇప్పుడు నువ్వు చెప్తే తెలిసింది. పాపం, దానికెవరు చెప్పారు?"

వెళ్ళి ఏజెంట్ వేసుకున్న లెక్కలు చూశాను. ఏజెంట్ మధ్యభాగం అనుకుంది. అందుకే పొడుగు ఇటుక ఎక్కువా, పొట్టి ఇటుక తక్కువా పక్కకి జరిగాయి.

రెండు రోజులు కూర్చుని ఆయన ఆ ఒక్క పనిముట్టుకే, అదే ఏజెంట్‌తో మాట్లాడుతున్నట్టు, మూడు పేరాలు రాశారు. "ఇటుక ఎడమ ముందు మూల ఎక్కడ ఉండాలో చెప్పు. దూరాన్ని ఇటుకల మీది బుడిపెలతో లెక్కపెట్టు. కింద ఆనుకోవడానికి ఏమీ లేకపోతే నేను పెట్టను. ఇటుక చేతిలోనే ఉంటుంది, కంగారుపడకు. కింది వరుస కట్టి మళ్ళీ రా." యంత్రానికి కంగారేమిటని అడిగాను. ఉందో లేదో మనకు తెలీదు కదా, ఉంటే పనికొస్తుందన్నారు. ఆయన రాసినట్టే నడిచేలా పనిముట్టును నేను మార్చాను.

సోమవారం ఇల్లు నిలబడింది. డైరెక్టర్ గారు వేలితో నెట్టి చూసినా కదల్లేదు. ఆయన మొహం విప్పారింది గానీ అసలు ప్రశ్న మర్చిపోలేదు.

"ఇంతకీ మొన్నటి తప్పు ఎవరిది?"

ఒప్పుకుందామని లేచాను. పెదనాన్న నన్ను కూర్చోమని సైగ చేసి, తాను చెప్తానన్నారు. ఆయన సంగతి నాకు తెలుసు, ఏదీ వదలరు. నా ఉద్యోగానికి నీళ్ళొదిలేసుకున్నాను.

ఆయన మొదలుపెట్టారు. ఇటుకంటే ఏమిటి, బుడిపె అంటే ఏమిటి, మూలలెన్ని, వాటిలో ఎడమ ముందుది ఏది, ఎడమంటే ఎవరికి ఎడమ. అరగంటకి డైరెక్టర్ గారు గడియారం చూసుకున్నారు. ముప్పావుగంటకి కుర్చీలో కిందికి జారారు. ఇంతవరకు అర్థమైందా, లేకపోతే మొదటినుంచి చెప్పనా అని పెదనాన్న అడిగినప్పుడల్లా ఉలిక్కిపడి తల ఊపారు. ఇంకా తిప్పే పనిముట్టు సంగతి మొదలుకాకుండానే చేతులెత్తేశారు.

"ఇల్లు నిలబడిందిగా, అది చాలండీ" అని గబగబా వెళ్ళిపోయారు.

నాకు నవ్వొచ్చింది, ఆయన మీద పట్టలేనంత ప్రేమా వచ్చింది.

"గంటసేపు అన్నీ చెప్పారు. అది రాసింది నేనేనని మాత్రం చెప్పలేదేం పెదనాన్నా?"

ఆయన కాగితాలు సర్దుకుంటూ తలెత్తకుండానే అన్నారు.

"ఇటుక పెట్టడానికి అది అక్కర్లేదు కదమ్మా."