నెస్మిను మోకాళ్ళు

నా భర్త నెస్మిను ఆమను దేవుడి గుడిలో పూజారి. పెద్ద పూజారేమీ కాదు, దేవుడి ముందు నీళ్ళు చల్లేవాడు. వంతు వచ్చిన నెలంతా ఒళ్ళు నున్నగా గీయించుకుని, చేప ముట్టకుండా, తెల్లవారకముందే చన్నీళ్ళలో మునిగేవాడు. వంతు తీరి ఇంటికి రాగానే మొదటి మాట "చేప ఏదే?" అనే.

గుమ్మంలో ఆయన కూర్చునే తీరు ఒకటుంది. మోకాళ్ళు గడ్డం దాకా ముడుచుకుని, చుట్టూ దుప్పటి కప్పుకుని, మూటలా కూర్చునేవాడు. నేను పప్పు ఏరుతూ చాట తెచ్చి ఆ మోకాళ్ళ మీద పెట్టేదాన్ని.

"నేను మొగుణ్ణా, పీటనా?"

"పీట ఇంత మాట్లాడదు."

గొణిగేవాడే గానీ, పప్పు అయ్యేదాకా కదిలేవాడు కాదు.

పోయిన వరదల్లో జ్వరం తగిలి పోయాడు. మా మరిది వాహిబ్రే కూడా పూజారే. అన్న పేర నల్లరాతి బొమ్మ చెక్కించాడు. శిల్పి ఆయన్ని అచ్చం అలాగే, మోకాళ్ళు ముడుచుకుని దుప్పటి కప్పుకున్నట్టే చేశాడు. ముఖం మాత్రం పెళ్ళినాటిది. ముందువైపు అక్షరాలు. నాకు చదువు రాదు, మరిదే చదివి వినిపించాడు. "ఈ దారిన పోయేవాళ్ళారా, నెస్మిను పేరు పలకండి, కాసిని నీళ్ళు పోయండి. నోటిమాటకి మీకు అలుపు రాదు."

పేరు పలికే నోరు ఉన్నంతకాలం పోయినవాళ్ళు ఆ లోకంలో బతికే ఉంటారు. నా దిగులంతా అదే. గుడి నిండా బొమ్మలే, ఈయన పేరు ఎవరు పలుకుతారు?

లోపల చోటు లేక, బయటి వాకిట్లో ద్వారం పక్కన పెట్టించారు. కొన్నాళ్ళకి వాహిబ్రే మండిపడుతూ వచ్చాడు.

"నీళ్ళు మోసే ఆడవాళ్ళకి బొత్తిగా భయం లేదు వదినా. అన్నయ్య మోకాళ్ళ మీద కడవలు దించుతున్నారు. లోపల స్తంభాల వెనక చోటు దొరికింది. రేపే జరిపించేస్తాను."

లోపలికి ఆడవాళ్ళను రానివ్వరు. ఇక నాకు చూపు కూడా దక్కదు.

"నన్నొకసారి చూడనివ్వు, తర్వాత నీ ఇష్టం" అని అతని వెంట వెళ్ళాను.

మేం వెళ్ళేసరికి ఇద్దరు ఆడవాళ్ళు ఏటి నుంచి వగరుస్తూ వస్తున్నారు.

"ఎక్కడ దించనే తాదీసే? నడుం పట్టేసింది."

"నెస్మిను మోకాళ్ళ మీద దించు. లేచిపోతాడా ఏమిటి?"

"పెళ్ళాం చూస్తే నా జుట్టు పీకుతుంది."

"ముందు దించు. నెస్మినూ, కాస్త పట్టుకో నాయనా."

కడవ తొణికింది. నీళ్ళు మోకాళ్ళ మీంచి అక్షరాల మీదుగా జారి పాదాల దగ్గర మడుగు కట్టాయి.

"ఆయన పేరు మీకెలా తెలుసు?" అని అడిగాను.

"ద్వారం దగ్గరి ముసలాయన చదివి చెప్పాడమ్మా. బరువు పెట్టేవాళ్ళం, పేరైనా తెలియకపోతే ఎలా?" అంది తాదీసే.

వాహిబ్రే నోరు తెరవబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను.

"రాతి మీద ఏం రాయించావు?"

"పేరు పలకమని. నీళ్ళు పొయ్యమని."

అతను ఆ మడుగు వైపే చూస్తూ నిలబడ్డాడు.

"అయినా కడవలేమిటి వదినా" అన్నాడు చివరికి, మెత్తగా.

"ఇంట్లో చాట మోశాడుగా."

అతనికి నవ్వొచ్చింది. మా మాటలు విని తాదీసే గబగబా కడవ ఎత్తబోయింది.

"ఉండనీ తల్లీ, ఆయనకి అలవాటే" అన్నాను.

బొమ్మ అక్కడే ఉంది. ఆ సాయంత్రం చాలా రోజుల తర్వాత చేప వండాను. వాహిబ్రేకి వంతు ఇంకా రాలేదు గనక, అతనూ తిన్నాడు.