బండల తొట్టిలో బంగారు చేపలు

ఇవాళ పొద్దున మా పెద్ద తోడికోడలు పులివెందులలో ఉన్న కూతురి దగ్గరికి మకాం మారుస్తూ సామాను టెంపోకి ఎక్కిస్తుంటే నేను గడప దాటి చూడలేదు. పీడ వదిలిందనుకుంటూ మేత డబ్బా తీసుకుని పెరట్లో తొట్టి దగ్గరికి పోయాను.

ఇక్కడే ప్రొద్దుటూరులో మేమంతా ఒకే ఇంట్లో ఉన్న రోజుల్లో మా ఆయన జమ్మలమడుగు నుంచి ఐదు బంగారు చేపలు తెచ్చాడు, చిన్న గుమ్మడికాయంత గాజు బుడ్డితో సహా. చూడ్డానికి ముచ్చటే. రెండో రోజుకే నీళ్లు కంపుకొట్టి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచాయి. ఒకటి చచ్చింది. మిగతావి బతకాలంటే తిరగడానికి చోటు కావాలి, నీడ కావాలి. మా ఇంట్లో అవి రెండూ ఉన్నది వేపచెట్టు కింద నల్ల బండలతో కట్టిన నీళ్ల తొట్టి ఒక్కటే. అంట్లు కడిగే నీళ్లలో చేపల పెంట ఏందని తోడికోడలు ఒంటికాలి మీద లేచింది. ఆమె చుట్టాల పెళ్లికి పోయిన పూట చూసి చేపల్ని అందులో వదిలేశాను. చేసింది మంచి పనేనని ఇప్పటికీ అంటాను.

వచ్చీ రాగానే వేరు పడదామంది. తొట్టిని ఇద్దరమూ వదలం గనక పెరట్లో అడ్డుగోడ దాని నడిమి మీదుగా లేచింది, లోపల అడ్డంగా ఓ బండ దిగింది. కొళాయి నా వైపే ఉంది. ఆమెకూ నీళ్లు అందాలని మేస్త్రీ ఆ బండ అడుగున కంత పెట్టాడు. వారం తిరక్కముందే చేపలు ఆ కంతలోంచి అటు పోయి ఇటు రావడం మొదలుపెట్టాయి. ఆమె కంతలో గోనెగుడ్డ కుక్కి, నీళ్లు రాక తానే పీకింది. నేను ఆమెకు వినపడేట్టే నవ్వాను. మాటలు ఆనాటితో బందు. అటు పోయిన చేపల్ని ఏ బ్లీచింగో చల్లి చంపుతుందని నాకు రోజూ దిగులే. అయినా అవి అరచేతంత పెరిగాయి. నా చేతి చలవ అనుకున్నాను.

ఇవాళ డబ్బా మూత తీసిన చప్పుడు విందో ఏమో, గోడ అవతల నుంచి ఇన్నేళ్లకు పలికింది.

"మ్మే, ఈ పొద్దు మేత ఎయ్యాకు, నేనేసిండా. దినామూ నేనేస్తాంటేనే అంత పెరిగినాయి. నీ చిటికెడు మేతకు యాడ పెరుగుతాయి?"

కావాలనే రెండు చిటికెలు ఎక్కువ వేశాను. మేత నీళ్ల మీద తేలుతూ ఉండిపోయింది, ఒక్క చేపా పైకి రాలేదు. వీధిలో టెంపో కదిలింది. ఇన్నేళ్లూ వీటిని పెంచుతున్నది నేనొక్కదాన్నే అనుకుంటూ గడిపేశాను. రేపటి నుంచి నిజంగానే నేనొక్కదాన్నే.